రెండు గంటల చోటు

మా ఇంట్లో "ఏం లేదు" అనే మాట వినపడదు. చక్కెర నిండుకుంటే పెద్దమ్మ "అయిపోయింది" అంటుంది. తలుపు చప్పుడైందేమిటని అడిగితే "గాలి" అంటుంది. నాకు జ్వరం తగ్గిందో లేదో చూసి, "తొంభై ఎనిమిది" అని అంకె చెప్పి ఊరుకుంటుంది. చిన్నప్పుడు ఎలాగైనా ఆవిడ చేత ఆ మాట అనిపించాలని ఖాళీ గుప్పిట మూసి, "ఇందులో ఏముందో చెప్పు" అని వెంటపడేదాన్ని. గుప్పిట విప్పి చూసి, "నీ చేతి గీతలున్నాయి" అనేది. ఆవిడతో పందెం వేసి గెలిచినవాళ్లు లేరు.

ఎందుకు అనదో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకు తెలియదు. ఇరవై ఆరేళ్లు అలాగే నెట్టుకొచ్చాం.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బల్ల కింద దూరి బొమ్మలు గీసుకుంటున్నాను. అమ్మా, పెద్దమ్మా ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నారు. నాకు వాళ్ల కాళ్లే కనపడుతున్నాయి. అమ్మ ఉన్నట్టుండి మడత ఆపి, "అక్కా, ఇక్కడేదో తగులుతోంది, ఓసారి చూడు" అంది. పెద్దమ్మ కాళ్లు అమ్మ కాళ్ల దగ్గరికి జరిగాయి. సగం మడిచిన దుప్పటి వాళ్ల పాదాల మీదికి జారింది. తర్వాత పెద్దమ్మ గొంతు వినపడింది. "ఇక్కడ ఏం లేదే, చెల్లీ. నీకన్నీ అనుమానాలే. ఆ చివర పట్టుకో." మళ్ళీ దుప్పటి దులిపిన చప్పుడు. ఏడాదిన్నర తిరక్కుండానే అమ్మ పోయింది.

నాన్న ఇంకో పెళ్లి చేసుకుని తన దారి తాను చూసుకున్నాడు. ఆయన్ని తిట్టుకునే ఓపిక కూడా నాకు లేదు. పెళ్లి ఊసెత్తని పెద్దమ్మ నన్ను తెచ్చి తన రెండు గదుల ఇంట్లో పెట్టుకుంది. తల దువ్వింది, చదివించింది, నా కోపాలన్నీ భరించింది. కానీ ఒక్కటి గమనించాను. నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడు భుజాల చుట్టూ చేతులు వేసేదే కానీ, అరచెయ్యి నా ఛాతీ మీద ఎన్నడూ ఆననివ్వలేదు. దగ్గొచ్చినప్పుడు మందు రాయాలన్నా సీసా నా చేతికిచ్చి అటు తిరిగి నిలబడేది.

ఆవిడ పద్నాలుగేళ్లు ఆస్పత్రి చాకిరేవులో పనిచేసింది. చాకిరేవంటే ఏరూ బండా కాదు, నేలమాళిగలో పది యంత్రాలున్న గది. నర్సుల కోట్లకు గంజి పెట్టడం ఆవిడ పని. గంజి చిక్కదనం కొలవడానికి సాధనాలుండేవి. ఆవిడ వాటిని ముట్టుకునేది కాదు. రెండు వేళ్ల మధ్య చుక్క రాసి చూసి, "ఇంకో చెంబు నీళ్లు" అనేది, అంతే. అందుకే గంజి మేడమ్ అని పేరు పడింది.

ఒకరోజు ఆస్పత్రి సర్జన్ తన కోటు తగువు తీర్చుకోవడానికి కిందికి దిగింది. కాలరు అట్టలా బిగిసిందని గొడవ. ఆవిడా నాలాగే ముక్కు మీద కోపమున్న మనిషి. కానీ గంజి మేడమ్ వేళ్లు చూసి తగువు మరిచిపోయింది.

"అమ్మా, మీకు ఇంతకంటే మెత్తటి పని ఇస్తాను, వస్తారా?" అని అడిగింది.

ఆ పని జెల్ గదిలో. రొమ్ములో గడ్డలు వెతకడం నర్సులకు నేర్పించాలంటే బతికున్న ఆడవాళ్ల మీద నేర్పించలేరు. అందుకని జెల్‌తో రొమ్ములు చేస్తారు. తెల్లటి పొడిని వేడినీళ్లలో వేసి, మరగనివ్వకుండా, మూడు గంటలు ఆపకుండా కలుపుతారు. తొందరపడితే బుడగలు వస్తాయి. ఆ గంజిని మూసలో పోసి గడ్డకట్టిస్తారు, కరగనిస్తారు, మళ్ళీ గడ్డకట్టిస్తారు. అప్పుడది నీళ్లను తనలోనే పట్టుకున్న మెత్తటి ముద్దవుతుంది. దాన్నే హైడ్రోజెల్ అంటారు. రెండుసార్లు గడ్డకట్టిస్తే మనిషి ఒంటిలా ఉంటుంది. చింతగింజంత ముద్దను విడిగా ఐదుసార్లు గడ్డకట్టిస్తే గడ్డలా గట్టిపడుతుంది. ఆ గడ్డను దారంతో మూసలో వేలాడదీసి, చుట్టూ మెత్తటిది పోస్తారు. పైకేమీ కనపడదు. వేళ్లతో వెతుక్కోవాలి.

పెద్దమ్మ చేతి రొమ్ములు మూడు జిల్లాల నర్సుల బళ్లకు వెళ్లేవి. ఎండితే ముడుచుకుపోతాయని నీళ్లు పోసిన డబ్బాల్లో పెట్టి పంపేవాళ్లు. నెలన్నరకు పాడైపోతాయి, మళ్ళీ కొత్తవి చెయ్యాలి. పదకొండేళ్లలో మూడు వేల పైచిలుకు చేసింది. నేను ఎప్పుడైనా భోజనం డబ్బా ఇవ్వడానికి వెళితే, అరల నిండా నీళ్ల డబ్బాల్లో, మనుషుల్లేని రొమ్ములు. నాకు ఒళ్లు జలదరించేది. ఆవిడ మాత్రం మూసలోంచి ఒక్కొక్కటీ తీసి, మూడు వేళ్లతో ఒకచోట గుండ్రంగా నొక్కి, చిన్నగా "ఊఁ" అని, డబ్బాలో పెట్టేది.

"చెల్లెల్ని మింగిన రోగాన్నే వండి వారుస్తున్నావు, భయం లేదా?" అని ఒకసారి అడిగేశాను. నా నోటికి హద్దులు లేవు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తిన్నావా?" అంది.

ఇక నా సంగతి. నేను నగరం నీళ్ల శాఖలో పటాలు గీస్తాను. ఎక్కడ గొట్టం కారుతోందని కబురొస్తే అక్కడ ఎర్రచుక్క పెడతాను. చుక్కలు ఒకేచోట గుంపుగా పడితే అక్కడ తవ్వించాలని రాస్తాను. పొద్దస్తమానం వాలుబల్ల అంచుకు ఛాతీ ఆనించి వంగి పనిచెయ్యాలి. పోయినేడు ఆ అంచు తగిలే చోట, ఎడమ రొమ్ము కింద లోపలివైపు, ఏదో అడ్డుపడుతున్నట్టు అనిపించింది. నొప్పి కాదు. దిండు కింద మరిచిపోయిన బొత్తం ఒత్తుకున్నట్టు. పెద్దమ్మకు చెప్పలేదు. ఆవిడతో ఇవి మాట్లాడే అలవాటే మాకు లేదు.

మా ఆఫీసుకు పరీక్షల నర్సు వచ్చినప్పుడు చూపించుకున్నాను. మా అమ్మ సంగతి కూడా చెప్పాను. ఆవిడ మూడు వేళ్లు చేర్చి, నేను చూపించిన చోటు వదిలేసి, నేరుగా పైన చంక వైపుకు వెళ్లింది. అక్కడ గుండ్రంగా, శ్రద్ధగా, చాలాసేపు నొక్కింది. తర్వాత మిగతా అంతా చీపురుతో ఊడ్చినట్టు గబగబా తడిమి, "ఏం లేదండీ. బల్ల ఒత్తిడి అయ్యుంటుంది" అంది.

ఆ మాట విని నాకు గుండె తేలికపడాలి కదా, జారిపోయింది. నెల తిరిగాక ఇంకో పేటలో, ఇంకో దవాఖానాలో, ఇంకో నర్సు దగ్గరికి వెళ్లాను. ఈవిడ పొట్టి, చలువ చేతులు, మాటల పుట్ట. కానీ చెయ్యి వెయ్యగానే గుర్తుపట్టాను. అవే మూడు వేళ్లు, నేరుగా పైకి, చంక వైపుకు. అదే గుండ్రం. చివర్లో "ఊఁ". అక్కడ కాదండీ, కింద, అన్నాను. కింద కూడా తడిమింది, కానీ అలవాటు లేని వీధిలో నడిచినట్టు.

"ఏం లేదమ్మా, నిశ్చింతగా ఉండండి" అంది.

మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయాను. ముట్టుకున్నది నర్సులే, చెయ్యి మాత్రం మా పెద్దమ్మది.

అక్కడినుంచి నేరుగా జెల్ గదికి వెళ్లాను. మధ్యాహ్నం రెండు దాటింది. పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడి గంజి కలుపుతోంది. కలపడం మొదలుపెట్టాక ఆపకూడదు కాబట్టి తల తిప్పకుండా, "ఏమే, ఈ వేళప్పుడు?" అంది. మూలన బుడగలు వచ్చి చెడిపోయినవి ఒక తొట్టిలో పడి ఉన్నాయి. ఏడున్నాయి. కత్తి తీసుకుని మొదటిదాన్ని రెండుగా కోశాను. గడ్డ పైన, చంక వైపు. రెండోది కోశాను. అక్కడే. మూడు. నాలుగు. డాక్టర్లు రొమ్మును గడియారం ముఖంలా చూస్తారని ఆ గదిలో గోడకున్న బొమ్మే చెబుతుంది. ఏడింటిలోనూ గడ్డ రెండు గంటల దగ్గర, ఒకే లోతులో. నా పటాల్లో ఒక్కచోట ఏడు ఎర్రచుక్కలు పడితే ఆ వీధి తవ్వించేదాన్ని.

"పెద్దమ్మా, వీటిని ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పారు?"

"ఎక్కువమందికి పైనే వస్తుంది, అప్పుడప్పుడూ వేరేచోట కూడా పెట్టండి, మీ ఇష్టం అన్నారు సర్జన్ గారు. పెడుతూనే ఉన్నాగా."

"పెట్టడం లేదు. చూడు."

గరిటె తిప్పుతూనే, వీలైనంత దూరం వంగి చూసింది. మొదట అర్థం కాలేదు. ఏడో ముక్క దాకా చూసి గరిటె వదిలేసింది. పదకొండేళ్లలో ఆ గంజి మధ్యలో ఆగడం అదే మొదలు.

"కొలబద్ద పెట్టుకోను నేను. చేతికి తెలుసు కదా అని..." అంది. తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "అది మీ అమ్మ చోటు."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నేనూ అక్కడే ఉన్నాను పెద్దమ్మా. బల్ల కింద."

ఇరవై ఆరేళ్లు దాచుకున్న మాట అంత తేలిగ్గా బయటికి వస్తుందనుకోలేదు. ఆవిడ ఏడవలేదు. తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో వస్తువు చూసినట్టు దాన్ని చూస్తూ కూర్చుంది.

"తగిలింది" అంది చివరికి. "నా వేలికి తగిలింది. లేకపోతే బాగుండునని, లేదన్నాను."

అది నాకు తెలియదు. తెలియక చెప్పిందనుకున్నాను ఇన్నాళ్లూ. కోపం రావాల్సింది, వచ్చింది కూడా. కానీ ఆ తొట్టిలో ముక్కలు చూస్తుంటే ఎటు పోయిందో పోయింది. మా అమ్మ గడ్డను ఇంకెవరూ వదిలెయ్యకూడదని ఈ మనిషి తనకు తెలియకుండానే మూడు వేల రొమ్ముల్లో అక్కడే పెట్టింది. మూడు జిల్లాల చేతుల్ని అక్కడికే పంపింది. వాళ్లు బుద్ధిగా నేర్చుకున్నారు. అందరూ అమ్మను వెతుకుతున్నారు. ఎవరూ వదల్లేదు. నన్నే వదిలేశారు.

నేను చొక్కా బొత్తాలు విప్పాను.

"నాకు కింద ఏదో తగులుతోంది. ఇద్దరు నర్సులు ఏం లేదన్నారు. ఇద్దరూ నీ చేతితోనే చూశారు. ఇప్పుడు నువ్వు చూడు."

"నేను చూడను. పైన స్కానింగుంది, పద, ఇప్పుడే రాయిస్తాను."

"వెళ్తాను. కానీ వాళ్లు ఏం లేదన్నప్పుడు నమ్మేసి ఇంటికొచ్చి పడుకుందామనిపించింది నాకు. మళ్ళీ అలా అనిపించకముందే చూడు."

ఆవిడ వేడినీళ్లలో చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. వచ్చి, మూడు వేళ్లు చేర్చింది. చెయ్యి దానంతటదే పైకి, రెండు గంటల దగ్గరికి వెళ్లబోయింది. ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని కిందికి లాక్కుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఎనిమిది గంటల దగ్గర, పక్కటెముక ఆనుకుని, వేళ్లు ఆగాయి. ఒత్తాయి. వదిలాయి. మళ్ళీ ఒత్తాయి. ఆవిడ కళ్లు మూసుకుంది. ఆ కాసేపట్లో నేను ఎనిమిదేళ్ల పిల్లనైపోయి, బల్ల కిందనుంచి కాళ్లు చూస్తున్నట్టే ఉంది.

"ఉంది" అంది.

ఆ సాయంత్రమే స్కానింగు, రెండు రోజులకు సూది పరీక్ష. గడ్డ చిన్నదే, కానీ మంచిది కాదు. త్వరగా దొరికిందన్నారు. సర్జన్ నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. గడ్డ తీసేశాక అక్కడ గుంట మిగులుతుంది. ఆ గుంటలో ఇంకో రకం జెల్ పోస్తారు. పోసేటప్పుడు నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడికి రెండు నిమిషాల్లో ముద్ద కడుతుంది. అందులో మందు ఉంటుంది. ఆరు వారాలు అది కొంచెం కొంచెంగా ఊరుతూ, చుట్టుపక్కల మిగిలిపోయిన చెడ్డ కణం ఏదైనా ఉంటే దాని పని పట్టి, తనూ కరిగిపోతుంది. ఇంకా పరిశీలనలో ఉన్న పద్ధతి, ఇష్టమైతేనే సంతకం పెట్టండి అంది. పెట్టాను.

పెద్దమ్మ అక్కడే నిలబడి తను చేసిన తప్పంతా సర్జన్‌కు చెప్పేసింది. ఒక్క మాట మింగలేదు. సర్జన్ మొహం తెల్లబోయింది.

"మేమూ లెక్కపెట్టలేదమ్మా. ఒక్కొక్కరికీ ఒకటో రెండో ఇచ్చి నొక్కించాం. అన్నీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు" అంది. "నేనూ ఈ జెల్ పొయ్యడం మీ బొమ్మల మీదే నేర్చుకున్నాను. రెండు గంటల దగ్గర నలభైసార్లు పోశాను. ఎనిమిది దగ్గర ఒక్కసారి కూడా పొయ్యలేదు" అంది.

ఆపరేషనుకు వారం ఉంది. గుంట రొమ్ము కిందివైపు, ఏటవాలుగా ఉంటే జెల్ ముద్దకట్టకముందే పక్కకు జారిపోవచ్చు. జారితే మందు ఒకవైపే పడుతుంది. అందుకని ముందుగా పోసి చూసుకోవడానికి నాలాంటి బొమ్మలు కావాలి. నా కొలతలు, నా చోటు, నా గడ్డ గట్టిదనం. పెద్దమ్మ రోజూ పొద్దున్నే చేతులు వెచ్చగా కడుక్కుని వచ్చి నా గడ్డను నొక్కి చూసేది, వెళ్లి మూసలోదాన్ని నొక్కేది. "ఇంకోసారి గడ్డకట్టించాలి" అనేది. ఇరవై ఆరేళ్లు నా ఛాతీ మీద చెయ్యి వెయ్యని మనిషి ఆ వారంలో పదిసార్లు వేసింది. నేను కిమ్మనకుండా పడుకునేదాన్ని. నా నోటికి తాళం వెయ్యడం ఆ గడ్డకే చెల్లింది.

సర్జన్ వాటిని గోరువెచ్చటి నీళ్లలో వేడిచేసి, కోసి, గడ్డ తీసి, నీలిరంగు జెల్ పోసింది. మొదటి రెండింటిలో నీలం పక్కకు కారిపోయింది. మూడోది కొంచెం నయం. ఐదోది కోసి చూస్తే గుంట నిండా నీలం, అంచులు దాటకుండా. సర్జన్ వెంటనే ఆరోది అడిగింది, నమ్మకం కుదరక. ఆరోది కూడా కుదిరింది.

నాకూ కుదిరింది.

ఇంటికొచ్చాక ఆరు వారాలు. లోపల ఒక నీటిముద్ద మందు కక్కుతూ కరుగుతోందని తెలిసి పడుకోవడం వింతగా ఉంటుంది. పెద్దమ్మ పొద్దున పనికి వెళ్లేది. ఇప్పుడు మూసలో దారం కట్టే ముందు, పన్నెండు చీటీలున్న డబ్బాలోంచి కళ్లు మూసుకుని ఒక చీటీ తీస్తుంది. ఏ అంకె వస్తే అక్కడ, కొలబద్ద పెట్టి మరీ కడుతుంది. నర్సులందరినీ మళ్ళీ పిలిపించి నేర్పించారు. ఏం లేదని పంపేసిన ఆడవాళ్లను రమ్మని ఆస్పత్రి ఉత్తరాలు రాసింది. కొందరు వచ్చారు. కొన్ని ఉత్తరాలు చిరునామా మారిందని తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన కవర్లు పెద్దమ్మ అడిగి తెచ్చుకుని బీరువాలో పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. సాయంత్రాలు పక్కగదిలోంచి నేను పిలిస్తే మాత్రం ఉలిక్కిపడేది. నా గొంతు అచ్చం అమ్మదేనని అందరూ అంటారు.

జెల్ పూర్తిగా కరిగిందని స్కానింగులో చూసిన రోజు, ఇంటికొచ్చాక పెద్దమ్మ అడగకుండానే చేతులు కడుక్కుంది. నేను మంచం మీద పడుకున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆవిడ పన్నెండు దగ్గర మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ, ఒంటిగంట, తర్వాత రెండు వదిలేసి మూడు, నాలుగు. ఎనిమిది దగ్గర కుట్ల మచ్చ చుట్టూ నెమ్మదిగా. తొమ్మిది, పది, పదకొండు. ఎక్కడా నోరు విప్పలేదు. నేను ఆ మొహమే చూస్తున్నాను. లేకపోతే లేదని చెప్పొచ్చు కదా అని ప్రాణం కొట్టుకుంటోంది. అడిగితే అబద్ధం చెబుతుందేమోనని భయం, చెప్పకపోతే ఉందేమోనని భయం.

చివరికి రెండు గంటల దగ్గరికి వచ్చింది. మూడు వేళ్లూ అక్కడ ఆనించి, నొక్కి, చాలాసేపు తియ్యలేదు. చెయ్యి వెచ్చగా ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆవిడ చూపు నా మీద లేదు.

"ఇక్కడ ఏం లేదే, చెల్లీ" అంది.

ఈసారి అది నిజం. నా ఒంట్లో ఆ చోట నిజంగానే ఏమీ లేదు. నేను ఆవిడ చెయ్యి తియ్యలేదు, నేనెవరో గుర్తుచెయ్యలేదు.

"సరే అక్కా" అన్నాను.